గీసేవాడూ కోసేవాడూ

పరీక్ష పెట్టి చూస్తే గాని పనివాడి సంగతి తెలీదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాకు పెట్టారు పరీక్ష. ఒకసారి కాదు. నాకు పని వచ్చు అని ఒక్క కాయితం మీద రాయించుకోవడానికి నేను ఎన్ని గుమ్మాలెక్కానో మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. వాళ్ళు కూడా విని విని విసిగిపోయారు. నేను ఆ కథ ఎత్తుకుంటే మా ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది. అందుకే నోటితో చెప్పడం మానేసి రాస్తున్నాను.

డెబ్భైల్లో మేం పోర్టు పక్కన మల్కాపురంలో ఉండేవాళ్ళం. ఓడల మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టరు షెడ్డులో నా పని. ఓడలోంచి తుప్పు పట్టిన పైపులూ రేకులూ ఊడదీసి తెచ్చి పడేస్తే, వాటి బదులు కొత్తవి తయారుచేసి పంపాలి. కొలవడం, కొయ్యడం, అమర్చడం, అతకడం. దీన్నే ఫ్యాబ్రికేషన్ అంటారని మాకు చాలాకాలం తెలీదు. మేం ఇనప్పని అనేవాళ్ళం. పోర్టు లోపలికి వెళ్ళడానికి ఇచ్చే గేటుపాసు మీద మాత్రం మా అందరికీ ఒకటే రాసేవారు, కూలీ అని. పన్నెండేళ్ళప్పుడు సుత్తి పట్టుకుని ఆ షెడ్డులోకొచ్చిన నేను, పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా కూలీనే. ఐటీఐ చదివొచ్చిన కుర్రాడికి పాసు మీద ఫిట్టరు అని ఉండేది. వాణ్ణి ఏమీ అనను, వాడు చదువుకున్నాడు, వాడికి కాయితం ఉంది. నాకు లేదు. నా ఏడుపంతా అదే.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. సుద్ద పట్టినవాడు టార్చి పట్టకూడదు, టార్చి పట్టినవాడు సుద్ద ముట్టకూడదు. ఇనుమును ఎక్కడ కొయ్యాలో కొలిచి గీత గీసేవాడు ఒకడు. ఆ గీత వెంబడి టార్చిలోంచి వచ్చే గ్యాసు మంటతో కోసేవాడు ఇంకొకడు. ఎందుకిలా అంటే మా సూపర్వైజరు చెప్పే కారణం ఒక్కటే. పని పాడైతే ఎవణ్ణి తిట్టాలో ఆయనకి వెంటనే తెలియాలి. రెండు పనులూ ఒక్కడే చేస్తే వాడు గ్యాసుని తిడతాడు, ఇనుముని తిడతాడు, చివరికి సముద్రపు గాలిని తిడతాడు గాని తన తప్పు ఒప్పుకోడట. అంటే తిట్టుకోడానికి వీలుగా మమ్మల్ని రెండుగా విడగొట్టి పెట్టాడు మహానుభావుడు. మాకదేమీ తప్పుగా తోచలేదు. నిజం చెప్పాలంటే అందులో మాకు కొంచెం పొగరు కూడా ఉండేది. టార్చి పట్టమంటే నాకు నామోషీ. సుద్ద పట్టమంటే వాళ్ళకి నామోషీ.

నేను గీసేవాణ్ణి. నా గీత మీద కోసేవాణ్ణి నేను బావా అనేవాణ్ణి, వాడూ నన్ను బావా అనేవాడు. మా వైపు మగాళ్ళు ఇలా పిలుచుకోడానికి చుట్టరికం అక్కర్లేదు. వాడిది విజయనగరం అవతల ఏదో పల్లె, మాది చోడవరం వైపు. ఇద్దరివీ వ్యవసాయం చేసుకునే కుటుంబాలే, ఇద్దరం పొలం చాలక ఊరొదిలినవాళ్ళమే. వయసులో ఒకళ్ళకొకళ్ళం పెద్దా చిన్నా కాదు. అందుకే వాడు అని రాస్తున్నాను, అమర్యాద ఏమీ లేదు. ఉన్నా ఇప్పుడు నాకు పట్టదు.

సుద్ద గీత మంట తగిలితే ఎగిరిపోతుంది. అందుకని గీత పొడుగునా పంచ్ అనే ఉక్కు మొల పెట్టి సుత్తితో కొట్టి చిన్న చిన్న చుక్కలు దించుతాం. కోసేవాడు ఆ చుక్కని సగానికి కొయ్యాలి. సగం చుక్క ఇటు ముక్క మీద, సగం చుక్క అటు ముక్క మీద మిగలాలి. అలా కోసేవాళ్ళని నా జన్మలో ఇద్దర్నో ముగ్గుర్నో చూశాను, వాళ్ళలో మొదటివాడు బావ. ఈ మాట ఒప్పుకోడం నాకిష్టం లేదు గాని నిజం నిజమే. మాకు మాటలు కూడా అక్కర్లేకపోయేది. నేను ఆఖరి చుక్క దించి, సుత్తి కింద పెట్టి, వెనక్కి జరిగి, అయిపోనాది బావా అనేవాణ్ణి. వాడు కళ్ళద్దాలు దించుకుని వచ్చి మంట పెట్టేవాడు. ఏళ్ళ తరబడి అదే తంతు. నిద్రలో లేపినా అదే చేస్తాం.

ఇంతలో గల్ఫు గాలి మొదలైంది. మా వీధిలో ఒక వెల్డరు వెళ్ళాడు, ఆ తర్వాత ఇంకొకడు. వాళ్ళు రాసిన మాటలకన్నా వాళ్ళ ఇళ్ళమీద వేసిన స్లాబులు ఎక్కువ మాట్లాడేవి. నాకు స్లాబు మీద ఆశ లేదని అబద్ధం చెప్పను. కానీ నన్ను పట్టుకున్నది ఇంకోటి. అక్కడికి వెళ్ళాలంటే ముందు ఇక్కడ పరీక్ష పెడతారట. బొంబాయి నుంచి ఆఫీసరొచ్చి, పని చేయించి చూసి, పాసైనవాడికి ఫ్యాబ్రికేటరు అని రాసి, స్టాంపు కొట్టి ఇస్తారట. ఆ మాట వినగానే నాకు ఇంకేమీ వినపడలేదు. చదువుతో పని లేదు, నా చేతులే చూస్తారు. ఇంకేం కావాలి!

పూర్ణా మార్కెట్టు దగ్గర ఒక మేడమీద ఏజెంటు ఆఫీసుండేది. నేనూ బావా కలిసే వెళ్ళాం. మేమిద్దరం ఒక జోడీ అని, నేను గీస్తానని, వాడు కోస్తాడని, ఇద్దర్నీ కలిపే పరీక్ష చెయ్యమని విడమరిచి చెప్పాం. ఏజెంటు అలాగే అలాగే అన్నాడు. ఏజెంట్లు ఏం చెప్పినా అలాగే అంటారని మాకప్పటికి తెలీదు. వెల్డర్లకి వెల్డింగు ఒక్కటే పరీక్ష పెడుతున్నారు కదా, మాకు మా జోడీ పని పెడతారనుకున్నాం. ఇనప్పని అంటే లోకమంతా మా షెడ్డులో జరిగినట్టే జరుగుతుందనుకున్న మూర్ఖులం.

పరీక్ష రోజున గాజువాక దారిలో ఒక అద్దె షెడ్డుకి రమ్మన్నారు. మనిషికొక టేబులు, మనిషికి రెండు పైపు ముక్కలు, ఒక నంబరు టోకెను, ఒక డ్రాయింగు. నిలువు పైపుకి పక్కనుంచి ఏటవాలుగా ఇంకో పైపు అతకాలి. పక్క పైపు చివర చేప నోరు తెరిచినట్టు వంపుగా కోస్తేనే నిలువు పైపుని సందు లేకుండా కరుచుకుంటుంది. ఆ వంపు గియ్యడంలోనే ఉంది కిటుకంతా. ఆఫీసరు హిందీలో చెప్పాడు, ఎవడి పని వాడే మొదటినుంచి చివరిదాకా చెయ్యాలని, అయ్యాక ఎవడి టోకెను నంబరు వాడు పైపు మీద గుద్దాలని. పక్క టేబులు దగ్గరున్న బావకేసి చూశాను. వాడి మొహం పాలిపోయింది. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకూడదన్నారు.

సరే కానీ, ముందు గీద్దాం, కోత సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని మొదలుపెట్టాను. దళసరి కాయితం మీద వంపు లెక్క వేసి, కత్తిరించి, పైపుకి చుట్టి, సుద్దతో గీశాను. గీస్తున్నంతసేపూ అది పరీక్ష అన్న మాటే మర్చిపోయాను. డ్రాయింగు బాగుంది, పైపు కొత్తది, చేతికింద తుప్పు లేదు. చుక్కలు దించాను. ఆఖరి చుక్క అయ్యాక సుత్తి కింద పెట్టి, వెనక్కి జరిగి, అయిపోనాది బావా అన్నాను.

వాడు వచ్చాడు. కళ్ళద్దాలు దించుకుని, నా టేబులు దగ్గరున్న టార్చి అందుకుని, మంట సరిచేసుకుని, నా పైపు కొయ్యడం మొదలుపెట్టాడు. నేను చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాను. ఇద్దరిలో ఒక్కడికీ తప్పు చేస్తున్నామని తట్టలేదంటే మీరు నమ్మరు, మా ఆవిడా నమ్మదు. వాడికి తెలిసే చేశాడంటుంది. నేనలా అనుకోను. వాడి టేబులు మీద పైపు చుట్టూ వంకర టింకర గీతలు గీసుకుని, ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డవాడికి నా గొంతు వినపడింది, కాళ్ళు అవే కదిలాయి. చుట్టూ ఉన్నవాళ్ళు నోరెళ్ళబెట్టి చూశారు గాని ఒక్కడూ ఆపలేదు. కోత అయ్యింది. వాడు దాన్ని నిలువు పైపుకి ఆనించి నాలుగు వైపులా వెల్డింగు చుక్కలు కూడా పెట్టేశాడు. సందులో బ్లేడు ముక్క కూడా దూరనంత బాగా కూర్చుంది.

అప్పటిదాకా టీ తాగుతూ కాయితాలు చూసుకుంటున్న ఆఫీసరు లేచొచ్చాడు. మట్టం పెట్టి చూశాడు, అంచు మీద సగం చుక్కల్ని వేలితో తడిమాడు. బాగుందన్నట్టు తలూపి, ఎవరిది అనడిగాడు. టార్చి బావ చేతిలో ఉంది, సుద్ద నా చేతిలో ఉంది. ఆయనకి అర్థమైపోయింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చాలా మామూలుగా చెప్పాడు. ఇద్దరిదంటే ఇద్దరూ ఫెయిలు. ఒకడిదంటే వాడు పాసు. రెండోవాడు ఆ రెండో టేబులు మీదున్న పైపుతో, మిగిలిన టైములో మళ్ళీ చేసి చూపించుకోవచ్చు. నంబరు గుద్ది పిలవండి అని చెప్పి, అవతలి వరసకి వెళ్ళిపోయాడు. తిట్టుంటే బాగుండేది.

"గీత నాది బావా," అన్నాను నేను. "గీత లేకపోతే పైపు పైపే కదా. నాదని సెప్పు."

వాడు నాకేసి చూడలేదు, పైపుకేసే చూస్తున్నాడు. "గీత ఎవుడు సూత్తాడు బావా?" అన్నాడు. "కోసీసాక గీతేటి మిగుల్తాది? కోతే మిగుల్తాది."

ఇన్నేళ్ళూ నా గీత మీద బతికినవాడు అనే మాటా అది! కోసేవాడు ఏ సందులోనైనా దొరుకుతాడని, గీసేవాడు దొరకడని, నా అంత గీత ఈ పోర్టులో ఎవడూ గియ్యడని వాడికి చెబుతున్నాను. వాడు వింటూనే నంబరు పంచ్ తీసుకుని పైపు మీద తన టోకెను మొదటి అంకె గుద్దేశాడు. ఇంకా నా మాట పూర్తవ్వలేదు.

ఆ అంకె వంకరగా పడింది. మా షెడ్డులో నంబర్లు గుద్దడం కూడా గీసేవాడి పనే, వాడెప్పుడూ పంచ్ పట్టి ఎరగడు. నేను గీసిన వంపు పక్కన ఆ వంకర అంకె, తాగొచ్చినవాడి అడుగులా. రెండో అంకె అంతకన్నా పక్కకి పెట్టబోతున్నాడు. నా ఒళ్ళు భగ్గుమంది. వాడి చేతిలోంచి పంచ్ లాక్కుని, మట్టం చూసి పెట్టి, ఒక్క దెబ్బకి సరిగ్గా గుద్దాను. వాడి నంబరు. నా చేత్తో. సుత్తి కింద పెట్టాక గాని నేనేం చేశానో నా బుర్రకెక్కలేదు.

మిగిలిన టైములో వాడు పాడుచేసిన పైపు నాకు దక్కింది. వాడి గీతలు తుడిచి మళ్ళీ గీశాను, అది బాగానే వచ్చింది. తర్వాత జన్మలో మొదటిసారి టార్చి పట్టాను. మంట ఎంత ఉండాలో తెలీదు, చెయ్యి ఎంత జోరుగా కదపాలో తెలీదు. పైపుకి వంపు బదులు ఎలకలు కొరికిన కన్నం పడింది. ఆఫీసరు ఒక్కసారి చూసి కాయితం మీద ఏదో రాశాడు. ఏం రాశారని ఏజెంటునడిగితే, పని రాదు అని రాశారన్నాడు.

ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. మా ఆవిడ చేపలు కడుగుతోంది. చివరిదాకా విని, చెయ్యి కడుక్కుని, ఒక్కటే అడిగింది. "ఆడి నంబరు నువ్వే గుద్దీసొచ్చావేటి?" అవునన్నాను. ఆ పూట నాకు అన్నం తను వడ్డించలేదు, పెద్దపిల్లతో పెట్టించింది. ఆ వారమంతా అంతే.

బావ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి కాసేపు కూర్చున్నాడు. నేను గుమ్మం దాకా కూడా సాగనంపలేదు. నాకు ఇంకో కోసేవాణ్ణి ఇచ్చారు షెడ్డులో. నా చుక్కలన్నీ వాడి మంటకి గంగలో కలిసిపోయేవి. రోజూ కొట్లాటే. సూపర్వైజరుకి తిట్టడానికి మనిషి దొరికాడు గాని నాకు కోపం పోలేదు.

అప్పుడు పట్టుదల పుట్టింది నాకు. మళ్ళీ పరీక్ష పెడతారని తెలిసి, ఈసారి టార్చి నేర్చుకునే వెళ్ళాలనుకున్నాను. షెడ్డులో టార్చి పడితే నవ్వుతారు. పాతూళ్ళో ఒక సాయిబుగారి పాత ఇనప సామాను కొట్టుండేది. ఓడల్లోంచి తీసేసిన దళసరి రేకుల్ని ముక్కలుగా కోయించి అమ్మేవాడాయన. సెలవు రోజుల్లో ఊరికే వచ్చి కోసిపెడతానన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, నాది తుక్కు ఇనుము కాబట్టి బతికిపోయావు, పనికొచ్చే ఇనుమైతే దగ్గరికి రానివ్వను అన్నాడు. అయినా రానిచ్చాడు. చేతుల మీద బొబ్బలు, చొక్కాలకి చిల్లులు, కళ్ళు ఎర్రగా. మా ఆవిడ అన్నం మళ్ళీ తనే పెట్టడం మొదలుపెట్టింది, తిడుతూనే.

రెండో పరీక్షకి వెళ్ళాను. ఆఫీసరు వేరే ఆయన. గీత చూసి మెచ్చుకున్నాడు, కోత చూసి పెదవి విరిచాడు. కటింగ్ ఇంకా నేర్చుకుని రా అన్నాడు. నేర్చుకున్నాను. ఇంకో ఏడాది ఆ కొట్టులో రేకులు కోశాను. చివరికి చుక్కని సగానికి కొయ్యడం వచ్చింది నాకు. బావ అంత నున్నగా కాదు, కానీ వచ్చింది. ఇప్పుడు మొదటినుంచి చివరిదాకా నేనొక్కణ్ణే చెయ్యగలను. ఇక పరీక్ష పెట్టడమే తరువాయి అనుకుని కాళ్ళరిగేలా ఏజెంటు చుట్టూ తిరిగాను. ఏజెంటు మేడ ఖాళీ చేసి పోయాడు. మా షెడ్డుకి కూడా ఓడల పని తగ్గి, వారానికి సగం రోజులు రావద్దనడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడు బావ సెలవు మీద వచ్చాడు. సెంటు వాసనతో, మా పిల్లలకి బిస్కట్లతో నేరుగా మా ఇంటికే వచ్చాడు. నాకు వాడిమీద కోపం ఎంత ఉందో అంత కుతూహలం కూడా ఉంది. గియ్యడం రాకుండా ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చావని అడిగేశాను.

వాడు నవ్వాడు. "అక్కడ ఒక్కడే ఎవుడు సేత్తాడు బావా? ఇద్దరిద్దరమే. ఒకడు గీత్తాడు, ఒకడు కోత్తాడు. మన షెడ్డులాగే."

మరి ఆ పరీక్షేమిటి? ఎవడి పని వాడే మొదటినుంచి చివరిదాకా చెయ్యాలన్న ఆ తతంగమేమిటి? ఎవరికోసం? నేను బొబ్బలెక్కించుకున్నది దేనికి? వాణ్ణడిగితే ఏం లాభం. వాడు తాపీగా బిస్కట్టు తుంచి టీలో ముంచుకుంటున్నాడు. వాడి జోడీగా ఉన్న గీసేవాడు, ఎవరో కేరళ మనిషి, మానేసి సొంతూరు పోయాడట. ఇప్పుడు గియ్యమని వీణ్ణే అంటున్నారట, సర్టిఫికెట్టు మీద రెండూ వచ్చని ఉంది కదా. అందుకని ఫోర్‌మన్ కాళ్ళావేళ్ళా పడి, మా ఊళ్ళో నాకు అలవాటైన మనిషున్నాడు, వాణ్ణి తెచ్చుకుంటానని ఒక వీసా సంపాదించాడు. అది నాకు. హెల్పరు వీసా.

నాకు తల కొట్టేసినట్టయింది. అదే నోటితో ఫ్యాబ్రికేటరని చెప్పలేకపోయావా అనడిగాను. అలా చెప్పాలంటే పరీక్ష కాయితం చూపించాలి, నీ దగ్గర లేదు కదా అన్నాడు. ముందు ఒచ్చీ బావా, ఒచ్చాక మార్పిత్తానన్నాడు. వాడి కళ్ళల్లో నిజంగా ప్రేమ ఉంది, దాని పక్కనే అవసరమూ ఉంది, ఏది ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. లేవమని కేకలేశాను. వాడు తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఆవిడ నా పక్కన కూర్చుని, పిల్లల చదువుల సంగతి, షెడ్డు మూతపడే సంగతి మాట్లాడింది. పేరు ఏదైతే ఏటి మావా, ఎల్లి పని సెయ్యి, నీ పని సూసి ఆళ్ళే మారుత్తారు అంది. వెళ్ళాను.

అక్కడ ఎండ గురించీ ఇసక గురించీ అందరూ రాస్తారు, నేను రాయను. పొద్దున్నే డ్రాయింగు బావ చేతికిచ్చేవారు. వాడు దాన్ని మడత పెట్టకుండా నా చేతికిచ్చేవాడు. నేను గీసేవాణ్ణి, వాడు కోసేవాడు. పని అద్భుతంగా వచ్చేది, ఆ మాట దాచను. ఫోర్‌మన్ వచ్చి బావ భుజం తట్టేవాడు. హెల్పర్ల బస్సు వేరు, ఫ్యాబ్రికేటర్ల బస్సు వేరు. హెల్పర్లకి నీళ్ళ డ్రమ్ములు మొయ్యడం కూడా పని కాబట్టి, గీత గీసిన చేతుల్తోనే నీళ్ళు మోసేవాణ్ణి.

ఒకరోజు ఆ క్యాంపులోనే పరీక్ష పెడుతున్నారని తెలిసింది. పాసైతే పేరు మారుస్తారట. పరిగెత్తినట్టే వెళ్ళాను. హెల్పర్లు రాయాలంటే పైవాడు సిఫారసు చెయ్యాలన్నాడు అక్కడి గుమస్తా. నా పైవాడంటే బావే. అంతకన్నా సులువేముంది అనుకున్నాను. సాయంత్రం వాణ్ణి గదిలో పట్టుకుని సంగతి చెప్పాను. నాకు ఇప్పుడు కొయ్యడం కూడా వచ్చని, పాతూళ్ళో నేర్చుకున్నానని కూడా అప్పుడే చెప్పాను.

వాడు సంతోషిస్తాడనుకున్నాను. వాడు భయపడ్డాడు. చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"నువ్వు పాసైతే నిన్ను ఏరే సైటుకి ఏసీత్తారు బావా," అన్నాడు. "మరి నానేటి సేత్తాను?"

కొట్టుంటే బాగుండేదేమో. చెయ్యి లేవలేదు. వాడికి ఇద్దరాడపిల్లలు, అక్కడ పని పోతే ఇక్కడ మళ్ళీ గేటుపాసు కూలీయే. అదంతా నాకు తెలుసు. తెలిస్తే మాత్రం కడుపు మండకుండా ఉంటుందా? నీకు పిల్లలుంటే నాకు లేరా అని అడిగాను. వాడు సిఫారసు చెయ్యలేదు. మర్నాడు పొద్దున్న డ్రాయింగు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను గీశాను. గీత కావాలని తప్పు గీద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. చేతకాలేదు. తప్పు గీత గియ్యడం నాకు రాదు, అదే నా ఖర్మ.

కాంట్రాక్టు అయిపోయి ఇద్దరం ఒకేసారి తిరిగొచ్చాం. ఎనభైల్లో ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఎటు చూసినా ఇనప్పనే, ఇనప్పనివాళ్ళకి ఒక కాంట్రాక్టరు మనుషుల్ని తీసుకుంటున్నాడని తెలిసి ఇద్దరం కలిసే వెళ్ళాం. మాట్లాడుకోడం తగ్గినా కలిసి వెళ్ళడం మానలేదు, అదొక దరిద్రం. గేటు దగ్గర టెంటు వేసుకుని గుమస్తా కూర్చున్నాడు. నేను ముందు నిలబడ్డాను. పైపు మీదైనా రేకు మీదైనా గియ్యగలనని, కొయ్యగలనని, కావాలంటే ఇప్పుడే ఏదైనా ఇచ్చి చూడమని చెప్పాను. ఇప్పుడు పరీక్షలు పెట్టే తీరిక లేదు, బయటి దేశంలో చేసొచ్చావు కదా, వాళ్ళిచ్చిన సర్టిఫికెట్టు తియ్యి అన్నాడు. వచ్చేటప్పుడు కంపెనీ అందరికీ తలా ఒకటి కవర్లో పెట్టి ఇచ్చింది. ఇంగ్లీషులో ఉంది. స్టాంపుంది, సంతకముంది. నేను దాన్ని ఎవరిచేతా చదివించుకోలేదు, చదివించుకునే ధైర్యం లేకపోయింది.

గుమస్తా పైకి చదివి తెలుగులో చెప్పాడు. హెల్పరు. నడవడి మంచిది. సొంతంగా పని తెలియదు, పక్కనుండి చెబితే చెప్పినట్టు చేస్తాడు.

నేను వెనక్కి తిరిగి బావకేసి చూశాను. వాడు గాభరాగా నా భుజం మీద చెయ్యేశాడు. "ఆళ్ళు నన్నడిగితే నానే సెప్పాను బావా," అన్నాడు. "మంచిగానే సెప్పాను. సెప్పిన మాట ఇంటాడని సెప్పాను."

గుమస్తా నన్ను హెల్పర్ల వరసలో నిలబడమన్నాడు. బావ కాయితాలు చూసి ఫ్యాబ్రికేటర్ల వరసలోకి పంపాడు. ఎండెక్కేదాకా నిలబడ్డాం. సాయంత్రానికి ఇద్దరికీ పని దొరికింది. నన్ను బావ కింద వేశారు.